మిల్లులో మూడో అంతస్తు

నేల మీది నల్లటి నూనె మరకను బూటు కొనతో చూపించి
"క్యారెక్టర్" అన్నాడు ఏజెంటు డెక్లాన్.
దానికీ ధర కట్టే ఉంటారు.

ఫిలడెల్ఫియాలో, ఎత్తున పోయే రైలు పట్టాల పక్కన,
ఒకప్పుడు లేసు నేసిన మిల్లు.
ఇప్పుడు నలభై రెండు కాండోలు, ఒక జిమ్ము,
కుక్కల స్నానానికి విడిగా ఒక గది.

మగ్గం నిలబడ్డ చోటు నాకు తెలుస్తుంది.
పన్నెండో ఏటిదాకా చీరాలలో కండెలు చుట్టిన దాన్ని.
ఏ పక్కన మనిషి నిలబడి పని చేశాడో
చెక్క అరిగిన తీరు చూసి చెప్పగలను.
చెప్పలేదు.
చెబితే అదీ బ్రోచర్లో వేస్తాడు.

నాలుగు లక్షల పన్నెండు వేలు.
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు.
రెండోది చేసుకుని చూశాను.
విడాకుల్లో నా వంతుకొచ్చిన సగమే
ఈ ముందస్తు సొమ్ము.

కొనేముందు వేళ కాని వేళల్లో కూడా చూడమంది
మా ఫార్మసీలో మృణాళిని.
పొద్దున చూశాను:
స్వెట్టరు తొడిగిన కుక్కపిల్ల. నా దానికంటే మంచి ఉన్ని.
మూలమీద విల్ఫ్రెడో సెలూన్ ఇప్పుడు కాఫీ కొట్టు,
పేరు మార్చలేదు, కుర్చీ తియ్యలేదు.
ఏడు డాలర్ల కప్పు పట్టుకుని అందులో కూర్చుని తల వాలిస్తే
దువ్వెన లేని ఆ గదిలో
నా మెడ దానంతటదే కత్తెర కోసం వంగింది.

రాత్రి చూశాను, డ్యూటీ దిగి.
వంతెన కింద దుప్పటి, దుప్పట్లో ఒక మనిషి.
నిద్రో, మరొకటో.
సంచీలో నాలొక్సోన్ ఉంది.
దుప్పటి పైకి లేచి కిందకి దిగడం
ఇరవై సార్లు లెక్కపెట్టాక గానీ నా కాళ్ళు కదల్లేదు.
మర్నాడు చెబితే డెక్లాన్,
"రెండేళ్ళలో అదంతా క్లీన్ అయిపోతుంది."
అదంతా.
లోపలి ఊపిరితో కలిపి.

వానలో వెళ్ళిన రోజు
పక్క వరసలో, రేకు కింద మెట్లమీద
ఎర్లీన్ గారు.
"కొనేదానివా, చూసేదానివా?"
"ఇంకా తెలీదండీ."
"ఎంతట?"
తగ్గించి చెప్పాను,
బంగారం కొన్నరోజు పక్కింటివాళ్ళకి చెప్పినట్టు.
తగ్గించిన అంకెకే ఆవిడ ఈల వేసింది.

డెబ్భై నాలుగులో ఆవిడ ఇల్లు తొమ్మిది వేలు.
ఈ ఏటి పన్ను నోటీసు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉందట,
పాలు తీసినప్పుడల్లా కనబడేలా.
నాకేమో మొదటి ఏళ్ళన్నీ పన్ను మాఫీ.
డెక్లాన్ ఆ పంక్తి కింద పచ్చరంగు గీత గీసి ఇచ్చాడు.

ముందు బిగించినది పడుగు. తర్వాత వచ్చేది పేక.
పేకని మరీ గట్టిగా కొడితే
తెగేది పడుగే.
ఇది మా ఇంట్లో పసివాళ్ళకి కూడా తెలుసు.

నేను కొంటే మీకు కోపమా అని
అడగబోతున్నట్టు నా మొహంలో కనిపించిందేమో,
"నన్నడక్కు, నేను పాస్టర్ని కాను" అంది.
"నువ్వు కాకపోతే ఇంకోడు.
మీ మిల్లువాళ్ళు చెత్త డబ్బాలు తెచ్చి నా గోడకి ఆనిస్తున్నారు.
ముందు దాని సంగతి చూడు."
గొడుగు లేదని చూసి, జరిగి చోటిచ్చింది.
వాన తగ్గేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

సోమవారం రాత్రి ఫోను.
ఇంకెవరో ఎక్కువ రాశారట,
పొద్దున తొమ్మిదికల్లా తేల్చాలట.
కిటికీ తూర్పేనా అని అక్క మెసేజీ.
తూర్పే.
సంతకం కోసం పసుపు చీటీ అంటించిన కాగితం
అన్నం కంచం పక్కన.

డెక్లాన్, ఒక్క మాట అన్నాను.
రేపు మంగళవారం కదా,
ఆ డబ్బాలు ఎక్కడ పెట్టాలి?

అవతల చాలాసేపు
ఏమీ వినబడలేదు.